"సముద్రం దాటొద్దు" అని ప్రార్థనలో చెప్పారు. ఇది దేవుడి మాటేనా?

గోదారి నర్సు:
అందరికీ వందనాలు. నాకు కువైట్‌లో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. నాన్న లేరు, తమ్ముడి చదువు ఇంకా నడుస్తోంది, ఇల్లు కట్టినప్పటి అప్పు అలాగే ఉంది. చాలాకాలం ప్రార్థించుకునే దీనికి అప్లై చేశాను.

మొన్న శుక్రవారం మా సంఘంలో ఉపవాస ప్రార్థనకి వేరే ఊరి నుంచి ఒక సిస్టర్ గారు వచ్చారు. చివర్లో ఒక్కొక్కరి తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. నా దగ్గరకి వచ్చేసరికి ఆవిడ గొంతు మారిపోయింది. "నా కుమారీ, సముద్రం దాటవద్దు, అక్కడ నీ కోసం కీడు పొంచి ఉంది" అన్నారు. అమ్మ అక్కడే ఏడ్చేసింది. ఇంటికి రాగానే నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం కొంగుకి ముడేసుకుంది. ఏజెంటేమో మంగళవారంలోగా రెండున్నర లక్షలు కట్టకపోతే సీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటున్నాడు.

ఆవిడకి నేనెవరో తెలియదు. మరి ఆ మాట ఎలా అన్నారు? దేవుడు నిజంగా చెప్పి ఉంటే నేను ఎదురెళ్లినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. రాత్రి డ్యూటీలో కూడా అదే ఆలోచన. దయచేసి ఎగతాళి చేయకండి.

సీయోను పుత్రిక:
ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. ముందు భయపడొద్దు. మాది పెంతెకొస్తు సంఘం, ప్రవచనాలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మా ఆయన ఆపరేషన్ ముందు ఒక దైవజనుడు చెప్పిన మాట అక్షరాలా జరిగింది. దేవుడు ఈ రోజుల్లో మాట్లాడడు అనేవాళ్ల మాట వినొద్దు. ప్రవచనాలను నిర్లక్ష్యం చేయొద్దని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలోనే ఉంది. ఉద్యోగాలు ఇంకా వస్తాయి, ప్రాణం మళ్లీ రాదు.

గుంటూరు మిర్చి:
అదే అధ్యాయంలో ఆ పక్క వచనం కూడా రాయండి అక్కా. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి." ఒకటి చెప్పి రెండోది మింగేస్తే ఎలా?

నర్సు చెల్లీ, ఒక్కటే అడుగుతాను. ఆ రోజు కూటంలో మనవి చీటీలు రాయించారా? మీ అమ్మగారు ఏమైనా రాశారా?

గోదారి నర్సు:
అక్కా, మీరు అడిగాక అమ్మని అడిగాను. రాసిందట. "అమ్మాయి కువైట్ ఉద్యోగం గురించి" అని రాసి, నా పేరుతో సహా బుట్టలో వేసిందట. ఆ బుట్ట సిస్టర్ గారి ముందే ఉంది. కానీ ఆవిడ చదివారో లేదో తెలియదు. ప్రార్థన మొదలవక ముందు పాస్టరమ్మ గారింట్లో అన్నం తిన్నారు. అక్కడ నా సంగతి మాటల్లో వచ్చి ఉండొచ్చు కూడా.

గుంటూరు మిర్చి:
ఆవిడ మోసగత్తె అనడం లేదు. విన్న సంగతి మనసులో ఎక్కడో పడి ఉంటుంది, ప్రార్థనలో పైకి వస్తే అది ఎక్కడిదో ఆవిడకే గుర్తుండకపోవచ్చు. కానీ "ఆవిడకి ఏమీ తెలియదు" అన్నది మీ నమ్మకానికి పెద్ద ఆధారం కదా, అది పోయింది. పైగా గల్ఫ్ అంటే మన జిల్లాల్లో ఏ తల్లికైనా కడుపులో దడే. కీడు ఉందనడానికి దర్శనం కావాలా?

సీయోను పుత్రిక:
అన్నిటికీ తెలివితేటలు వాడితే ఇక దేవుడెందుకు? బైబిల్లో యిర్మీయా ప్రవక్త పుస్తకం 42 చదవండి. జనం ఐగుప్తుకి, అంటే ఈజిప్టుకి, పోదామా వద్దా అని యిర్మీయాని అడిగారు. పోవద్దని దేవుడు చెప్పాడు. వాళ్లు "నువ్వు అబద్ధమాడుతున్నావు" అని చెప్పి వెళ్లిపోయారు. తప్పెవరిది? "వద్దు" అనే మాట కూడా దేవుడి దగ్గర నుంచి వస్తుంది. మనకి నచ్చకపోతే చీటీ చదివారనడం తేలిక.

పాత లూథరన్:
సీయోను తల్లీ, మంచి చోటు చూపించావు. నేను ముప్ఫై ఏళ్లకి పైగా సండే స్కూల్లో ఆ పుస్తకం చెప్పినవాణ్ణి, కాబట్టి కాస్త ఓపిక పట్టి వినండి.

ఆ అధ్యాయంలోనే ఏడో వచనం చూడండి. జనం వచ్చి అడిగిన తర్వాత యిర్మీయాకి మాట వచ్చింది పది రోజులకి. పది రోజులు ఆయన నోరు విప్పలేదు. బబులోను సైన్యం భయం ఒకపక్క, జనం ఒత్తిడి ఒకపక్క. మామూలు బోధకుడైతే ఆ సాయంత్రానికే ఏదో ఒకటి చెప్పేసేవాడు. పది రోజులయ్యాక చిన్నా పెద్దా అందరినీ పిలిచి, అందరి ముందూ చెప్పాడు. వాళ్లు అడిగారు, ఆయన ఆగాడు, కారణం కూడా వివరించాడు. ఇక్కడ అమ్మాయి ఏమీ అడగలేదు, అమ్మ చీటీ వేసింది, నిమిషంలో తీర్పు వచ్చేసింది.

హనన్యా అనే ఇంకో ప్రవక్త సంగతి కూడా ఆ పుస్తకంలోదే, 28వ అధ్యాయం. బబులోనుకి లొంగి ఉండాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని లాక్కుని విరిచి, రెండేళ్లలో అంతా బాగైపోతుందని దేవుడి పేరుతో చెప్పాడు. జనానికి తియ్యగా ఉంది. యిర్మీయా మొదట ఏమన్నాడో తెలుసా? ఆమేన్, దేవుడు అలాగే చేయాలి అన్నాడు! కాడి విరిచాక కూడా గొడవ పెట్టుకోలేదు, తన దారిన తాను వెళ్లిపోయాడు. తర్వాత మాట వచ్చాకే తిరిగొచ్చి, నిన్ను దేవుడు పంపలేదని మొహం మీద చెప్పాడు. అంతటి ప్రవక్తకే ఎదుటివాడి మాట అబద్ధమని వెంటనే తెలియలేదో, తెలిసినా ఆగాడో, మనకెందుకమ్మా అంత తొందర?

మంగళవారం గడువు పెట్టింది దేవుడు కాదు, ఏజెంటు. ముందు ఆ రెండు ఒత్తిళ్లనీ విడదీయి.

లష్కర్ పోరడు:
నేను క్రిస్టియన్‌ని కాదు, తప్పైతే క్షమించండి. మా సికింద్రాబాద్‌లో బోనాల తెల్లారి ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం ఉంటది. పచ్చికుండ మీద నిలబడి ఒక ఆమె భవిష్యవాణి చెప్తది. వానలు ఎట్ల పడ్తయి, రోగాలు వస్తయా, అమ్మవారికి పూజలు సక్కగ చేస్తున్నరా, ఇసువంటివి. ఊరంతటికీ, మైకుల, అందరి ముందర. చిన్నప్పటి సంది వింటున్న. నువ్వు ఈ ఉద్యోగం చెయ్యి, ఆ పిల్లను చేసుకో అని ఒక్కొక్కరికి సీదా చెప్పుడు నేనైతే వినలే. ఊరికి చెప్పుడు వేరే, ఒక మనిషి బతుకు మీద చెప్పుడు వేరే కదా అని అనిపించింది. గంతే.

మోడరేటర్:
పోలికలు చెప్పుకోవచ్చు. ఏ మతం గొప్పదనే వాదన మాత్రం ఇక్కడ వద్దు, అలాంటి రెండు పోస్టులు తీసేశాను. ఇంకోటి, ఆ సిస్టర్ గారి పేరు గానీ సంఘం పేరు గానీ ఎవరూ అడగొద్దు, ఎవరూ రాయొద్దు.

గుణదల భక్తుడు:
మా కథోలిక సభలో ఇలాంటివాటిని పరీక్షించడానికి పెద్ద చరిత్ర ఉంది. ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండకి లక్షల మంది వెళతారు కదా, ఆ మాతకి మూలం ఫ్రాన్సులోని లూర్దు. 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్త అనే పద్నాలుగేళ్ల పిల్ల, కట్టెలు ఏరుకోవడానికి వెళ్లి, తనకి ఒక స్త్రీ కనిపించిందంది. ఆ ఊరి ఫాదర్ ఏం చేశాడు? గుడి గంటలు మోగించలేదు. "ఆవిడ పేరేంటో అడిగి రా" అని పంపించాడు. పోలీసులు ప్రశ్నించారు, డాక్టర్లు చూశారు, బిషప్ కమిషన్ వేశాడు. నమ్మదగినదేనని బిషప్ ప్రకటించింది 1862 జనవరిలో. దాదాపు నాలుగేళ్లు! ఆ పిల్ల మాత్రం "నాకు చెప్పమన్నారు, మిమ్మల్ని నమ్మించమనలేదు" అనే ధోరణిలోనే ఉండేది.

ఇప్పుడు ఇంకా జాగ్రత్త. 2024 మేలో వాటికన్ కొత్త నియమాలు పెట్టింది. వాటి ప్రకారం ఇలాంటివాటిని "ఇది దైవికమే" అని మామూలుగా ప్రకటించరు. మహా అయితే "అభ్యంతరం లేదు, భక్తులు వెళ్లొచ్చు" అంటారు. ఆమోదించిన దర్శనాన్ని కూడా నమ్మి తీరాలన్న రూలు మాకు లేదు. లూర్దుని నమ్మకపోయినా మంచి కథోలికుడిగా ఉండొచ్చు. మరి శుక్రవారం కూటంలో చెప్పిన మాటకి ఎదురెళితే పాపమని ఎందుకు భయపడాలి?

గుంటూరు మిర్చి:
నాలుగేళ్ల కమిషన్ సరే బ్రదర్, ఇక్కడ ఆ అమ్మాయికి మంగళవారం వరకే టైముంది.

గుణదల భక్తుడు:
నిజమే. అయితే ఒంటరిగా ఉన్నప్పుడు పనికొచ్చేది చెబుతాను. అవిలా తెరెసమ్మ గారు ఇలాంటి మాటలు తనకే వినిపించిన మనిషి, 16వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఉండేవారు. ఆవిడ చూడమన్నది, ఆ మాట లోపల ఏం మిగిల్చిందని. దేవుడి మాట గద్దించినా చివరికి నెమ్మది మిగులుతుంది అన్నారు. చెల్లెమ్మా, నీకు మిగిలింది నెమ్మదా, నిద్ర లేకపోవడమా?

పాత లూథరన్:
ఇది ఒక్కటే కొలబద్ద చేసుకోవద్దు బాబూ. మీ పట్టణం నాశనమవుతుందన్న యోనా ప్రవక్త మాట నీనెవె వాళ్లకి నెమ్మదినివ్వలేదు. దావీదు రాజుకి తన తప్పు ఎత్తిచూపిన నాతాను ప్రవక్త మాట కూడా అంతే. కొన్నిసార్లు నిద్ర పోగొట్టే మాటే నిజం. ఇంకోవైపు, మనం అనుకున్నది జరుగుతోందంటే వచ్చే హాయిని కూడా "సమాధానం కలిగింది" అనేస్తుంటాం.

కర్నూలు భాయ్:
మా ఇళ్లలో ఇస్తిఖారా అని చేస్తారు. రెండు రకాతుల నమాజ్ చేసి, ఈ పని నా దీన్‌కి (ధర్మానికి), బతుక్కి మంచిదైతే సులువు చెయ్యి, కాకపోతే నా నుంచి తప్పించు అని అల్లాని అడగడం. చాలామంది ఆ రాత్రి కల కోసం కూర్చుంటారు. కలలో పచ్చరంగు కనబడితే చెయ్యొచ్చు, ఎరుపైతే వద్దు అని మా నానమ్మ అనేది. నిజానికి ఆ దువాలో, అంటే ఆ ప్రార్థనలో, కల ఊసే లేదు. అడిగి, తెలిసినవాళ్లతో సలహా చేసి, పని మొదలుపెట్టడమే. దారి మూసుకుపోతే అదే జవాబు. ఎవరి పని వాళ్లే అడగాలని కూడా మా పెద్దలంటారు. మధ్యలో ఇంకొకరికి కల రావడం ఏంటని మా అబ్బా కసిరేవారు.

సీయోను పుత్రిక:
అందరూ నన్ను ఒక్కదాన్నే చేసి మాట్లాడుతున్నారు. సరే. కానీ బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో అగబు అనే ప్రవక్త ఉన్నాడు కదా? కరువు వస్తుందన్నాడు, రోమా చక్రవర్తి క్లౌదియ కాలంలో వచ్చింది. ఆ మాట నమ్మి అంతియొకయ వాళ్లు డబ్బు పోగుచేసి యూదయకి పంపారు. పరీక్షిస్తూ కూర్చుంటే కరువులో జనం చచ్చిపోయేవాళ్లు.

పాత లూథరన్:
అమ్మా, అసలు సంగతంతా నువ్వే తెచ్చావు. ఆ అగబే మళ్లీ 21వ అధ్యాయంలో వస్తాడు. ఈ అమ్మాయి సమస్య దాదాపు అక్కడే ఉంది.

అపొస్తలుడైన పౌలు యెరూషలేముకి ప్రయాణంలో ఉన్నాడు. కైసరయలో ఫిలిప్పు ఇంట్లో దిగాడు. అగబు వచ్చి పౌలు నడికట్టు తీసుకుని తన కాళ్లూ చేతులూ కట్టుకుని, ఈ నడికట్టు ఎవరిదో అతన్ని యెరూషలేములో ఇలా బంధిస్తారని చెప్పాడు. అంతవరకే. "వెళ్లొద్దు" అని అగబు అనలేదు. ఆ వచనాన్ని వేలు పెట్టి చదవండి. వెళ్లొద్దని బతిమాలింది పక్కనున్నవాళ్లు. ఆ పుస్తకం రాసిన లూకా తనని కూడా కలుపుకుని "మేము" అనే రాశాడు. అంటే చూపించింది ఒకటి, విన్నవాళ్లు ప్రేమతోనో భయంతోనో దానికి తగిలించింది ఇంకొకటి. పౌలు విన్నాడు, ఆ మాట అబద్ధమనలేదు, అయినా వెళ్లాడు. చివరికి వాళ్లే "ప్రభువు చిత్తం జరగనీ" అని ఊరుకున్నారు. పౌలు దేవుడికి ఎదురెళ్లాడని ఎవరూ అనలేదు.

అంతకుముందు తూరులో శిష్యులు ఆత్మ ద్వారా వెళ్లొద్దన్నారని నాలుగో వచనంలో ఉంది, అది దాచను. దాని మీద పండితులు కొట్టుకుంటూనే ఉన్నారు. నాకైతే అక్కడా ఇదే జరిగిందనిపిస్తుంది. శ్రమలు ఆత్మ చూపించాడు, "వద్దు" అన్నది వాళ్ల ప్రేమ.

కాబట్టి నర్సు తల్లీ, ఆ సిస్టర్ గారికి ఫోన్ చేయి. పెద్దవాళ్లని ఒకరిని పక్కన పెట్టుకుని చేయి. "మీకు ఏం కనబడింది? ఏం వినబడింది? దాని నుంచి మీరేం అనుకున్నారు?" అని విడివిడిగా అడుగు. మర్యాదగానే అడుగు. ఇద్దరు ముగ్గురు ప్రవచిస్తే తక్కినవాళ్లు వివేచించాలని కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 14లో ఉంది. అడగడం అవిశ్వాసం కాదు. అడిగితే ఆవిడకి కోపం వచ్చిందనుకో, అదీ ఒక జవాబే.

గుంటూరు మిర్చి:
తాతగారూ, దండం. నా లెక్క ఇంకా మొరటుది. డబ్బు అడిగినా, మందులు మానమన్నా, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నా, ఎంత మంచి గొంతుతో చెప్పినా లేచి వచ్చేయడమే. మా బంధువుల్లో ఒకావిడ షుగర్ ఇంజక్షన్లు మానేసి ఐసీయూ దాకా వెళ్లింది. మొదటి శతాబ్దాల సంఘాలు రాసుకున్న దిదాకే అనే చిన్న నియమావళిలోనే ఉంది: ఆత్మలో ఉన్నానంటూ డబ్బు అడిగేవాడు అబద్ధ ప్రవక్త, మూడు రోజులు తిష్ఠ వేసినవాడు కూడా అంతే అని. ఒకటి రెండు రోజులు ఉంచుకుని, దారికి తిండి మాత్రం ఇచ్చి సాగనంపమన్నారు. అంటే అప్పటికే విసిగిపోయి ఉన్నారన్నమాట!

కువైట్ బాబాయ్:
మీ చర్చంతా చదివాను. బాగానే ఉంది గానీ ఒక్కరైనా ఆ రెండున్నర లక్షల సంగతి పట్టించుకోలేదే? నేను అక్కడ చాలా ఏళ్లు చేసి వచ్చినవాణ్ణి.

అమ్మాయ్, విదేశాలకి పంపే ఏజెంటు వసూలు చేయగలిగే ఫీజుకి మన చట్టం ప్రకారం పరిమితి ఉంది. 30 వేలు, దాని మీద జీఎస్టీ. రెండున్నర లక్షలు ఎందుకు? రసీదు ఇస్తాడా? కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంటుంది, లైసెన్సు నంబరు కొట్టి చూడు. 2015 నుంచి గల్ఫ్‌కి వెళ్లే నర్సులకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే దేశం దాటి వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి చేశారు. ఎందుకు చేశారో తెలుసా? ఆ ఏడాదే కొచ్చిలో సీబీఐ ఒక కేసు పట్టుకుంది. కువైట్ నర్సుల దగ్గర ఒక్కొక్కరికి 19,500 తీసుకోవాల్సిన చోట 19 లక్షల పైన గుంజారు. నర్సుల కోసం మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది, తెలంగాణ వాళ్లకి టామ్‌కామ్ ఉంది. వాళ్లని అడుగు.

దేవుడు చెప్పాడా లేదా అన్నది మీరు తేల్చుకోండి. మంగళవారం మాత్రం ఒక్క రూపాయి కట్టొద్దు.

గోదారి నర్సు:
అందరికీ చాలా థాంక్స్. రెండు సంగతులు చెప్పాలి.

మా పెదనాన్నని పక్కన కూర్చోబెట్టుకుని సిస్టర్ గారికి ఫోన్ చేశాను. ఆవిడ అస్సలు కోప్పడలేదు. తాతగారు చెప్పినట్టు విడివిడిగా అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "నీ తల మీద చెయ్యి పెట్టగానే నీళ్లు కనబడ్డాయమ్మా, చీకటిగా. నాకు భయం వేసింది. దాటవద్దు అన్నది నా నోటి నుంచి వచ్చేసింది. కువైట్ అని పాస్టరమ్మ ముందే చెప్పింది, అది మనసులో ఉందేమో." తన అక్క కూతురు గల్ఫ్‌లో చాలా కష్టాలు పడి వచ్చిందని కూడా ఆవిడ చెప్పారు. నాకోసం మళ్లీ ప్రార్థిస్తానన్నారు. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

రెండోది, ఏజెంటు లైసెన్సు నంబరు అడిగితే ఇవాళ రేపు అంటున్నాడు. ఆఫీసు పేరు ఈ-మైగ్రేట్‌లో కొడితే రాలేదు.

సీయోను పుత్రిక:
హల్లెలూయ! చూశారా? కీడు పొంచి ఉందన్న మాట నిజమైంది కదా! ప్రభువు ఆ సిస్టర్ ద్వారా డబ్బు కాపాడాడు. ఇప్పుడేమంటారు?

గుంటూరు మిర్చి:
కాపాడింది బాబాయ్, అక్కా. వెళ్లి బాగుండి ఉంటే "ప్రార్థన వల్ల కీడు తప్పింది" అనేవాళ్లు, వెళ్లి పాడైతే "చెప్పినా వినలేదు" అనేవాళ్లు, వెళ్లకపోతే ఇది. ఏం జరిగినా గెలిచే మాటని పరీక్షించేదెలా? హెరాల్డ్ క్యాంపింగ్ అని అమెరికాలో ఒకాయన 2011 మే 21న తీర్పు దినం అన్నాడు. ఆయన కనీసం తేదీ చెప్పాడు, కాబట్టి తప్పని తేలింది. జనం దాచుకున్న డబ్బులు ప్రకటనలకి తగలేశాక తేలిందనుకోండి.

పాత లూథరన్:
నెరవేరడం ఒక్కటే చాలదని బైబిల్లోని మోషే ధర్మశాస్త్రమే చెప్పింది. ద్వితీయోపదేశకాండం 18లో, చెప్పింది జరగకపోతే అది దేవుడు చెప్పింది కాదు అని ఉంది. 13లోనేమో, చెప్పిన సూచన జరిగినా సరే, వేరే దేవుళ్ల వెంట నడిపిస్తే వినొద్దని ఉంది. నీనెవె జనం మారడంతో యోనా చెప్పింది జరగలేదు, కానీ దేవుడి మాటే. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే తేలికైన సూత్రం ఏదీ మిగలదు.

సీయోను తల్లీ, దేవుడు ఆవిడకి నీళ్లు చూపించలేదని నేను అనను. చూపించాడని ఒట్టు కూడా వేయను. కానీ ఆవిడ ఫోన్లో "నా నోటి నుంచి వచ్చేసింది" అని ఒప్పుకుందే, అలా చెప్పగలిగినవాళ్ల మాట నేను కూర్చుని వింటాను. అడిగితే శాపం పెట్టేవాళ్ల మాట వినను.

సీయోను పుత్రిక:
ఆ ముక్క ఒప్పుకుంటాను తాతగారూ. మా సంఘంలో కూడా చెప్పినవాళ్లని తిరిగి అడిగే అలవాటు లేదు. చెప్పేస్తారు, వెళ్లిపోతారు, ఇంట్లో జనం ఏళ్ల తరబడి దాన్ని మోస్తారు. ప్రవచనం చెప్పగానే తేదీ వేసి, అన్న మాట అన్నట్టు రాసి పెద్దల దగ్గర ఉంచితే బాగుంటుందేమో. మా పాస్టర్ గారితో అంటే ఏమంటారో మరి. కాపాడింది దేవుడేనన్నది మాత్రం వదలను. బాబాయ్‌ని ఇక్కడికి తెచ్చింది ఎవరనుకున్నారు?

కువైట్ బాబాయ్:
నన్ను తెచ్చింది నిద్ర పట్టకపోవడం తల్లీ.

గోదారి నర్సు:
ఏజెంటుకి కట్టడం లేదని చెప్పేశాను, చాలా మాటలన్నాడు. ఓంక్యాప్ వాళ్ల దగ్గర పేరు నమోదు చేసుకోవాలనుకుంటున్నాను. బాబాయ్ గారూ, నర్సింగ్ సర్టిఫికెట్ల అటెస్టేషన్ ముందే చేయించుకోవాలా, ఆఫర్ వచ్చాక చేయించుకోవచ్చా?

కువైట్ బాబాయ్:
దానికి టైం పడుతుందమ్మా, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. డిగ్రీ, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవం సర్టిఫికెట్ మూడిట్లోనూ నీ పేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో ముందు చూసుకో. సగం మందికి ఆగేది అక్కడే.